గింజమ్మ మోకాలు

మూడో అంతస్తు, వీధి వైపు గది
జనవరి

పిచ్చుకా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. ఫోన్ ఎత్తడం లేదని మీ అమ్మ నీ చేత తిట్టించింది. తిట్లు బాగున్నాయి. అచ్చం అక్క గొంతే. ఫోన్‌లో అందరూ ఒకే మాట అడుగుతారు, ఎలా ఉన్నావని. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉత్తరంలో అయితే నచ్చిన ప్రశ్నకే జవాబు రాయొచ్చు.

తింటున్నాను. పనికి వెళ్తున్నాను. పోయిన వారం పెద్ద జలాశయంలో పడవ మీద తిరిగి, అడుగున ఎంత ఒండ్రు పేరుకుందో కొలిచాం. ముప్ఫై ఏళ్లుగా నా పని అదే, నీళ్ల కింద కనిపించని మట్టి మందం కొలవడం.

నీతో పని పడింది. ఆస్పత్రి నుంచి కాగితం వచ్చింది. మోకాళ్ల అరుగుదల మీద ఏదో పరిశోధన అని మీ అత్తయ్య ఏడాదికోసారి వెళ్లి స్కాన్ తీయించుకునేది కదా. ఆవిడ లేదు కనుక ఆ బొమ్మలు ఉంచమంటారా, చెరిపేయమంటారా అని నన్ను అడుగుతున్నారు. వేసవిలోగా చెప్పాలి.

ఆ బొమ్మల్లో ఏముందో తెలియకుండా ఏ మాటా చెప్పలేను. వెళ్లొచ్చిన రోజున ఆవిడ వెయిటింగ్ గదిలో ఎవరెవరు కలిశారో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో చెప్పేది. మోకాళ్ల సంగతేమిటని అడిగితే, "ఉన్నాయి, రెండూ ఉన్నాయి" అనేది.

నాలుగు ఆస్పత్రుల బొమ్మలూ మీ ల్యాబ్‌కే వస్తాయని విన్నాను. అసలు మీరు వాటిలో ఏం చూస్తారు? చిన్నపిల్లాడికి చెప్పినట్టు వద్దు. కాలేజీ గడప తొక్కినవాడికి చెప్పినట్టు చెప్పు.

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
జనవరి ఆఖరు

మామయ్యకి,

మీ ఉత్తరం అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. "బతికే ఉన్నాడన్నమాట" అంది.

ముందు ఒక షరతు. అత్తయ్య నంబరు నాకు చెప్పకండి. మా దగ్గరికి రెండు వేల మోకాళ్లు వస్తాయి, ఒక్కదానికీ పేరుండదు. నంబరు, వయసు, ఆడో మగో, అంతే. అందులో అత్తయ్యది ఉందని తెలుసు. ఏదో తెలియదు. తెలిస్తే నా చెయ్యి నిజం గీయదు. బాగుండాలని గీస్తుంది.

ఇక చదువుకున్నవారికి. తొడ ఎముక, పిక్క ఎముక కలిసే చోట రెంటి చివర్లకీ తెల్లటి నున్నటి పొర ఉంటుంది. మృదులాస్థి అంటారు. మందం రెండు మూడు మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు, నొప్పి తెలిసే నరాలు లేవు. అందుకే అది చెడుతున్నప్పుడు కిక్కురుమనదు. మెట్ల దగ్గర మోకాలు పట్టేసి మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, ఈ పొర కనిపించదు. ఎముకల మధ్య సందు తగ్గిందంటే పొర పోయిందని ఊహించుకోవడమే. చోరీ జరిగాక గుమ్మం దగ్గర అడుగుజాడలు చూసినట్టు.

ఎమ్మారైలో పొర కనిపిస్తుంది. మోకాలిని రొట్టె కోసినట్టు పల్చటి పలకలుగా చూపిస్తుంది, ఒక్కో మోకాలికి వంద దాకా. ప్రతి పలక మీదా పొర అంచు వెంట గీత గీయాలి. కంప్యూటర్ గీస్తుంది, అది తప్పిన చోట మేం దిద్దుతాం. నేనూ, నా పక్కన కూర్చునే అబ్బాయీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీతలే. వాడికి కలలో కూడా మోకాళ్లే వస్తున్నాయట. పెళ్లిచూపుల్లో అమ్మాయి మొహం చూశాడో లేదో అని వాళ్లమ్మ బెంగ.

ఇంత రాశాక అత్తయ్య గుర్తొస్తోంది. ఆవిడ కూర్చుని తినడం నేను ఎప్పుడూ చూడలేదు. ప్లేటు చేతిలో పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగేది. మోకాలు అరగదూ మరి.

పిచ్చుక

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
ఫిబ్రవరి

పిచ్చుకా,

షరతుకి ఒప్పుకున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలాంటి పనే నీది. ఎముక అంటే జలాశయం అడుగు, పొర అంటే ఒండ్రు. తేడా ఒకటే. మాకు ఒండ్రు పెరిగితే బాధ, మీకు పొర తగ్గితే బాధ.

మూడు ప్రశ్నలు. మందం ఒక్కటే కొలుస్తారా? పొర మందం తగ్గకముందే చెడటం మొదలైతే దాన్ని పట్టుకునే దారి ఉందా? పోయిన పొర తిరిగి వస్తుందా?

ఆవిడ కూర్చుని తినదన్నది నిజమే. మా భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు. మూడింటి మెత్తలు అణిగిపోయాయి. ఆవిడ కుర్చీ మెత్త మాత్రం దుకాణం నుంచి తెచ్చినట్టే ఉంది. ఎవరైనా నిలబడి ఉంటే ఆవిడ కూర్చోలేదు. ఇంట్లో ఎవరూ నిలబడి లేకపోతే, వస్తారేమోనని నిలబడేది.

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
ఫిబ్రవరి

మామయ్యకి,

మీ రెండో ప్రశ్న చూసి పెద్దాయనకి చూపించాను. పెద్దాయనంటే మా ల్యాబ్ అధిపతి, మెచ్చుకుంటే జీతంలో కోత పడుతుందన్నట్టు ఉంటారు. "ఎవరీయన? మనవాళ్లకి లేని అనుమానం ఈయనకి వచ్చిందే" అన్నారు. మా మామయ్య, మట్టి కొలుస్తారు అన్నాను. "మంచి పని" అన్నారు. పండగ చేసుకోండి.

జవాబు ఇది. పొర స్పాంజి లాంటిది, ముప్పాతిక వంతు నీరే. ఆరోగ్యంగా ఉంటే అందులోని అల్లిక నీటిని గట్టిగా పట్టుకుంటుంది. చెడటం మొదలైతే ముందు అల్లిక వదులవుతుంది, మందం ఇంకా తగ్గదు. ఎమ్మారైలో నీటిని ఒక్కసారి కదిపి వదిలేస్తాం. మళ్లీ ఊరుకోడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తాం. కట్టుబడి ఉన్న నీరు తొందరగా ఊరుకుంటుంది. వదులుగా ఉన్నది ఆలస్యంగా. దాన్ని రంగుల్లో వేస్తాం, గట్టి చోట నీలం, వదులు చోట ఎరుపు. నొప్పి రాకముందు, పొర పల్చబడకముందు కనిపించేది ఆ ఎరుపే. అంటే మాకు ఇద్దరు సాక్షులు, మందం ఒకటి, నీరు ఒకటి.

మూడో ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు, రాదు. పోయిన పొర పోయినట్టే.

కానీ నా దగ్గర ఒక మోకాలు ఉంది మామయ్యా. నిద్ర పట్టనివ్వడం లేదు.

ఒకావిడ కుడి మోకాలు. వెనక వైపు కండరం దగ్గర చిక్కుడు గింజంత ఎముక అదనంగా ఉంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, ఏ హానీ లేదు. అందుకని మా గదిలో ఆవిడకి గింజమ్మ అని పేరు పెట్టాం. గింజమ్మకి మొదటి మూడేళ్లూ పొర పల్చన, ఆవిడ వయసుకి ఉండాల్సినదానికంటే. నాలుగో ఏడు మందం పెరిగింది. ఎంతంటే, ఒక తలవెంట్రుక మందమంత. నవ్వకండి, మేం వెంట్రుకల మీదే బతుకుతున్నాం. ముగ్గురం విడివిడిగా గీశాం. పెరిగిన మాట నిజం.

ఈ డిసెంబరుతో నా ఉద్యోగం గడువు అయిపోతుంది. ఏప్రిల్‌లో నాలుగు ఆస్పత్రులవాళ్లూ కూర్చునే సమావేశం ఉంది. గింజమ్మ నిజంగా కోలుకుందని అక్కడ నిలబెట్టగలిగితే, కోలుకునే మోకాళ్ల మీద విడిగా ఒక పని మొదలుపెట్టి నాకు అప్పగిస్తానన్నారు పెద్దాయన. రెండు వేలలో ఒక్క మోకాలు. ఆవిడ ఏం చేసిందో తెలిస్తే చాలు.

పిచ్చుక

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
ఫిబ్రవరి ఆఖరు

పిచ్చుకా,

ఆ గింజ ఎముక ఎంతమందికి ఉంటుంది?

నాలుగో ఏడు నీరు సంగతి రాయలేదు. రెండో సాక్షి ఏమంటోంది?

ఐదో ఏడు బొమ్మ చూస్తే తేలిపోతుంది కదా. దాన్ని ఎందుకు చూడలేదు?

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
మార్చి

మామయ్యకి,

మీరు వకీలు కావలసింది. సరిగ్గా నొప్పున్న చోటే నొక్కారు.

గింజ పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. అరుదేమీ కాదు.

ఐదో బొమ్మ లేదు. నాలుగోది కూడా రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది, ఆ ఆస్పత్రిలో యంత్రం పాడై ఆగిందట. తర్వాత ఆవిడ మళ్లీ రాలేదు. అలా మానేసేవాళ్లు చాలామంది ఉంటారు, ఊరు మారతారు, విసుగు పుడుతుంది. ఎందుకు మానేశారన్న కారణాలు మాకు పంపరు. ఎక్కడుందో మహాతల్లి. కనిపిస్తే కాళ్లు పట్టుకుని అడుగుతాను, ఏం చేశావమ్మా అని. మా గదిలో పందేలు నడుస్తున్నాయి. ఈతకొట్టిందని పక్క అబ్బాయి. బరువు తగ్గిందని ఇంకొకరు. ఊడ్చే ఆవిడ కూడా ఓ చెయ్యి వేసింది. "మొగుడు ఇంటిపని అందుకుని ఉంటాడు" అంది. దానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

ఇక రెండో సాక్షి. అదే ఎదురు తిరుగుతోంది. కోలుకుంటే మందం పెరగాలి, నీరు కట్టుబడి నీలం పెరగాలి. గింజమ్మకి మందం పెరిగింది, కానీ నీరు కూడా పెరిగి ఎరుపు వైపు జరిగింది. పైగా మొదటి మూడేళ్లు చూస్తే అదీ వింతే. అరిగే మోకాలైతే పల్చనై ఎర్రగా ఉండాలి. ఆవిడది పల్చన, కానీ నీలం. మొదట రెండూ తక్కువ, తర్వాత రెండూ ఎక్కువ. ఈ ముడి విప్పకుండా సమావేశంలో నోరు తెరిస్తే నన్ను ఉతికి ఆరేస్తారు.

పిచ్చుక

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
మార్చి

పిచ్చుకా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. కింది ఇంటివాళ్లు మెట్లకి రంగు వేయిస్తున్నారు, అందుకని రెండు రోజులు బయటికి వెళ్లలేదు. ఆస్పత్రి కాగితానికి ఇంకా జవాబు ఇవ్వలేదు.

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
మార్చి

మామయ్యకి,

ఇదేం ఉత్తరం? ఎండలూ, మెట్ల రంగూ. గింజమ్మ మాటే లేదు. ఇన్నాళ్లూ మీ ఉత్తరం వస్తే మా గదిలో వంతులేసుకుని చదివేవాళ్లం. ఈసారిది చూసి పక్క అబ్బాయి, "మీ మామయ్యకి మన మీద కోపం వచ్చిందా?" అన్నాడు.

నేనేమైనా తప్పు రాశానా? మోకాళ్ల గోలలో పడి మీ మనసు కష్టపెట్టానా? అత్తయ్య గుర్తొచ్చేలా రాస్తున్నానేమోనని అమ్మ అంటోంది. "వాడి దగ్గర ఎముకల కబుర్లేమిటే" అని కోప్పడింది. మీకు వద్దనిపిస్తే మానేస్తాను. కానీ ఆ ప్రశ్నలు అడుగుతున్నప్పుడు మీరు కాస్త మునుపటి మామయ్యలా ఉన్నారు. అందుకని రాస్తూ పోయాను.

సమావేశానికి మూడు వారాలుంది. బొమ్మలు సిద్ధం చేశాను. ముడి విడలేదు.

పిచ్చుక

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
మార్చి ఆఖరు

పిచ్చుకా,

నువ్వేమీ తప్పు రాయలేదు. ఆలోచిస్తున్నాను. నాకు ఆలస్యమవుతుంది.

ఒక సంగతి చెబుతాను. చాలాకాలం కిందట ఒక జలాశయంలో ఒక్క ఏడాదిలో ఒండ్రు మందం తగ్గినట్టు కొలతలో వచ్చింది. ఒండ్రు పెరుగుతుందే గాని తగ్గదు. మా ఆఫీసులో సంబరం. ఏం చేస్తే తగ్గిందో కనుక్కోమన్నారు. రెండుసార్లు మళ్లీ కొలిచాం. కొలత సరిగ్గానే ఉంది. అసలు జరిగింది వేరు. మధ్యలో ఎండాకాలం నీళ్లు అడుగంటాయి. ఒండ్రు ఎండి, తన బరువుకి తనే అణిగింది. ఒక్క గంపెడు మట్టి కూడా ఎక్కడికీ పోలేదు. కొలిచిన చెయ్యి తప్పు కాదు. కొలతకి ముందు ఆ మట్టి మీద ఏం జరిగిందో మేం అడగలేదు.

నీ పొర స్పాంజి అన్నావు. స్పాంజిని నొక్కితే మందం తగ్గుతుంది, నీరూ తగ్గుతుంది. వదిలేస్తే రెండూ తిరిగి వస్తాయి. నీ ఇద్దరు సాక్షులూ గొడవపడటం లేదు. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఆ మాట అరుగుదల గురించి కాదు.

స్కాన్‌కి ముందు ఆ మనుషులు ఏం చేస్తారు? నడిచి వచ్చి నేరుగా పడుకుంటారా? కూర్చుంటారా? కూర్చున్నారని ఎవరు చూస్తారు? నాలుగు ఆస్పత్రుల్లోనూ స్కాన్ తీసేవాళ్లని అడుగు. కాగితాలు చూడకు. మనుషుల్ని అడుగు.

సమావేశానికి ముందే అడుగు.

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
ఏప్రిల్

మామయ్యా,

అడిగాను.

స్కాన్‌కి ముందు అరగంట కాళ్ల మీద బరువు పడకుండా కూర్చోవాలన్నది మా నియమం. నడిస్తే పొర నొక్కుకుని పల్చబడుతుందని మాకు తెలుసు. నియమం రాసింది మేమే. రాసేశాం కనుక జరుగుతోందనుకున్నాం. నేలమాళిగలో కూర్చునేవాళ్లకి అందరూ కూర్చునే ఉంటారనిపిస్తుంది కాబోలు.

మూడు ఆస్పత్రుల్లో వరసగా కుర్చీలున్నాయట, కూర్చోబెడతారట. నాలుగోదానిలో కాళ్లు చాపుకునే కుర్చీ ఒక్కటే ఉందట. అక్కడ స్కాన్ తీసే ఆవిడతో మాట్లాడాను. గట్టి మనిషి. "మీరు కాగితం మీద అరగంట అని రాశారు, రెండో కుర్చీ పంపారా?" అని అడిగింది. అందరూ కూర్చుంటారా అని అడిగాను. చాలామంది కూర్చుంటారు, ఇద్దరొకేసారి వస్తే సర్దుకుంటారు అంది. తర్వాత నవ్వింది. ఆవిడ మాటలు ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"ఒకావిడ మాత్రం ఎన్నడూ కూర్చోలేదమ్మా. కూర్చోండి అంటే కూర్చునేది. నేను అటు తిరిగి ఇటు చూసేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉండేవాళ్లు. ఈవిడేమో ఎవరి బిడ్డనో భుజాన వేసుకుని వరండాలో తిరుగుతుండేది. ఒకసారి ఎవరిదో సంచి మోసుకుంటూ మూడో అంతస్తు దాకా వెళ్లింది. వెతికి పట్టుకొచ్చి పడుకోబెట్టాను. అరగంట కూర్చున్నారా అని అడిగితే, 'కూర్చున్నానుగా, విడివిడిగా' అంది."

మామయ్యా, ఆవిడ పేరు చెప్పలేదు. నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

నా షరతు మీరు నిలబెట్టారు. మీకు ఎప్పటి నుంచి తెలుసు?

పెద్దాయనతో చెప్పేశాను, గింజమ్మ ఎవరో నాకు తెలిసిపోయిందని. ఇక ఆ మోకాలి మీద నేను గీత గీయకూడదు. పక్క అబ్బాయికి అప్పగించాను. ఫైలు మూసేముందు ఒకసారి చూశాను. ఇన్నాళ్లూ చూసిందే.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. స్కాన్ తీసే ఆవిడే చెప్పింది, "నాలుగోసారి మాత్రం బుద్ధిగా కూర్చుంది, ఆ రోజు వాళ్లాయన కూడా వచ్చాడు" అని. మీరు కూర్చోబెట్టారా?

పిచ్చుక

*

మూడో అంతస్తు, వీధి వైపు గది
ఏప్రిల్

పిచ్చుకా,

గింజ సంగతి మొదటి స్కాన్ రోజే ఇంటికొచ్చి చెప్పింది. "మీకంటే నాకు ఒక ఎముక ఎక్కువ. ఇక మీద జాగ్రత్తగా మాట్లాడండి." నాలుగేళ్లలో ఎప్పుడు మాట పెరిగినా మోకాలి వెనక చెయ్యి పెట్టి చూపించేది. నువ్వు గింజమ్మ అని రాసినప్పుడు అనుమానం. రెండు నెలలు ఆలస్యమని రాసినప్పుడు అనుమానం పోయింది. చెబితే నీ చెయ్యి పాడవుతుంది. చెప్పకపోతే నువ్వు సమావేశంలో లేనిదాన్ని నిలబెడతావు. మధ్యదారి వెతకడానికి టైం పట్టింది.

నేను కూర్చోబెట్టలేదు.

యంత్రం బాగయిందని కబురొస్తే బయల్దేరాం. ఆ రోజు నాకు సెలవు. నడిచి వెళ్దామనలేదు. "బస్సెక్కుదామండీ" అంది. ఆవిడ ఆ మాటనడం నేను వినలేదు అంతకుముందు. ఆస్పత్రిలో కుర్చీ చూపించారు, కూర్చుంది. కాసేపటికి చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. నా స్టూలు ఆయనకిచ్చి నేను నిలబడ్డాను. ఇన్నేళ్లకి చెప్పిన మాట విన్నావు అని మెచ్చుకున్నాను. "ఈ కుర్చీ బాగుందండీ" అంది. కళ్లు మూసుకుంది.

డాక్టర్లు ఆవిడ జబ్బు పేరు చెప్పింది ఆ తర్వాత నాలుగు నెలలకి.

కాబట్టి నీకు కావలసిన జవాబు ఇది. గింజమ్మ మోకాలు కోలుకోలేదు. గింజమ్మ అలిసిపోయింది. మీ యంత్రం అది చూసింది. దాన్ని చదవడం ఎవరికీ తెలియదు, మీకూ నాకూ.

నీ పనికి దెబ్బ తగిలింది. అది నాకు తెలుసు. సమావేశంలో ఇదంతా చెప్పక్కర్లేదు. కుర్చీ గురించి చెప్పు.

ఒక ప్రశ్న. పొర నిజంగా అరగంటలో తేరుకుంటుందా? ఒకే మోకాలిని నడిపించి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి తీసి చూశారా? అందరికీ ఒకేలా తేరుకుంటుందా? అరుగుదల మొదలైన మోకాలు ఆలస్యంగా తేరుకుంటే అదే మొదటి గుర్తు కావచ్చు కదా.

ఆస్పత్రి కాగితం మీద సంతకం చేశాను. ఉంచమన్నాను.

మామయ్య

*

నేలమాళిగ, బొమ్మలు చదివే గది
మే

మామయ్యకి,

మీ ఉత్తరం వచ్చిన రోజు పని చేయలేదు. పక్క అబ్బాయి ఏమీ అడక్కుండా నా వాటా మోకాళ్లు కూడా వాడే గీశాడు. అమ్మకి చదివి వినిపించలేదు. మీరు వచ్చినప్పుడు మీరే చెప్పండి, లేదా చెప్పకండి.

సమావేశం అయింది. లేచి నిలబడి, కోలుకున్న మోకాలు ఒకటుందని చెప్పడానికి వచ్చాను, లేదని చెబుతున్నాను అన్నాను. నవ్వారు. కుర్చీ సంగతి చెప్పాక నవ్వలేదు. ఎవరి ఆస్పత్రిలో ఎన్ని కుర్చీలున్నాయో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మాత్రం చాలాసేపు బల్ల మీద పెన్సిలు దొర్లిస్తూ కూర్చుని, "మన రెండు వేల మోకాళ్లలో నిజంగా కూర్చున్నవి ఎన్ని?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. అది కనుక్కోవడం ఇప్పుడు నా పని. కోలుకునే మోకాళ్ల పని గాలిలో కలిసిపోయింది, అది మాత్రం బాధగానే ఉంది. దాచను.

మీ ఆఖరి ప్రశ్న చదివి వినిపించాను. ఆలస్యంగా తేరుకోవడమే మొదటి గుర్తు కావచ్చా అన్నది. ఇంకొందరు వేరేచోట్ల ఇలాంటివి చేసి చూశారట, ఒక్కో చోట ఒక్కో జవాబు. చిన్నగా మొదలుపెట్టి చూడమన్నారు. వచ్చే ఏడాది డిసెంబరు దాకా నా ఉద్యోగం పొడిగించారు. పెద్దది కాదు. పాతికమంది. అరగంట మెట్లెక్కి దిగాలి, స్కాన్. అరగంట కూర్చోవాలి, మళ్లీ స్కాన్. యాభై దాటినవాళ్లు కావాలి. మీ ఆస్పత్రిలోనే. ఇప్పుడక్కడ మూడు కుర్చీలున్నాయి, పెద్దాయనే సంతకం పెట్టి కొనిపించారు.

అడగనా, వద్దా అని వారం ఆలోచించాను. వస్తారా? వస్తే మీ బొమ్మ నేను చదవను. మీ నంబరు కూడా నాకు చెప్పకండి.

పిచ్చుక

*

మూడో అంతస్తు, భోజనాల గది
జూన్

పిచ్చుకా,

వెళ్లాను. నడిచే వెళ్లాను, బస్సు ఎదురుగా ఆగినా.

వరండా చివరి మెట్ల మీద ఎక్కించి దించారు. నాతోపాటు ఎక్కినాయన తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడట. "ఉద్యోగంలో ఎక్కిన మెట్లు చాలవని ఇక్కడికొచ్చాను" అన్నాడు. యంత్రం లోపల గోల. మీరు నీటిని కదిపే చప్పుడు అదేనా? ఎవరో తలుపు బాదుతున్నట్టుంది. తర్వాతి ఉత్తరంలో చెప్పు.

తర్వాత కుర్చీ. కొత్తవి రెండు, పాతది ఒకటి. స్కాన్ తీసే ఆవిడ కొత్తదాని మీద చెయ్యి వేసి చూపించింది. పాతదాంట్లో కూర్చుంటానన్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. కాళ్ల కింద ఒక దిండు సర్దింది.

కాసేపటికి ఒకావిడ బిడ్డని ఎత్తుకుని వచ్చింది. తపాలా ఆయన ఒక కుర్చీలో, ఇంకొకరు మూడోదాంట్లో. నేను లేవబోయాను. "లేవకండి" అంది స్కాన్ తీసే ఆవిడ, తల తిప్పకుండానే. లోపలి నుంచి స్టూలు తెచ్చి ఆవిడకి వేసింది. నేను కూర్చునే ఉన్నాను. ఒకరు నిలబడి ఉండగా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మీ అత్తయ్య ఆ రోజు ఆ ముసలాయన వైపు ఎంతసేపు చూసిందో గుర్తొచ్చింది.

రెండో బొమ్మ తీశాక అడిగాను, నా మోకాలి వెనక గింజ ఉందా అని. ఆవిడ తెర మీద వెతికింది. రెండు మోకాళ్లలోనూ లేదంది. మీ అత్తయ్య మాటే నెగ్గింది. నాకు ఒక ఎముక తక్కువ.

పొర తేరుకుందో లేదో నాకు చెప్పరని తెలుసు. పాతికమందిదీ కలిపి తేలినప్పుడు రాయి.

ఈ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర రాస్తున్నాను, ఆవిడ కుర్చీలో. నాలుగు రోజుల నుంచి భోజనం కూడా ఇందులోనే. మెత్త గట్టిగా ఉంది. నొక్కి వదిలితే వెంటనే పైకి లేస్తోంది.

మీ అమ్మతో చెప్పు, ఆదివారం ఫోన్ ఎత్తుతానని.

మామయ్య